గోడే పెట్టె: ఇన్‌ఫినిట్ బాఫిల్ సబ్‌వూఫర్ వెనక ఉన్న లెక్క

పాత రేడియోలోంచి ఊడదీసిన స్పీకరుకు రెండు తీగలు కలిపి బల్ల మీద పెడితే పాట వినిపిస్తుంది, కానీ పలచగా, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుగా ఉంటుంది. మృదంగం వాయిస్తున్నారని తెలుస్తుంది గానీ ఎడమ చేతి దెబ్బ ఎక్కడికి పోయిందో తెలియదు. అదే స్పీకరును ఖాళీ మట్టికుండ మూతి మీద కూర్చోబెడితే పోయిన దెబ్బ తిరిగి వస్తుంది. పల్లెల్లో కుర్రకారు ఒకప్పుడు సరదాగా చేసిన ఈ ప్రయోగంలో కుండ తన వంతుగా కొంత గుమ్మని మోగుతుంది, నిజమే. అంతకన్నా పెద్ద పని ఒకటి అది చడీచప్పుడు లేకుండా చేస్తుంది. స్పీకరు ముందుకూ వెనక్కూ మధ్య అడ్డు నిలబడుతుంది.

స్పీకరు కోను, అంటే దాని ముందు ఊగే గరాటు లాంటి పొర, ముందుకు కదిలినప్పుడు దాని ముందున్న గాలి ఒత్తుకుంటుంది. సరిగ్గా అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. కోను రెండు వైపులా ఒకే పాట పాడుతుంది, కాకపోతే ఒకటి తిరగేసిన పాట. పై స్వరాల్లో ధ్వని తరంగం పొడవు కొన్ని అంగుళాలే కాబట్టి ఈ రెండూ పెద్దగా గొడవపడవు. మంద్రంలోకి దిగేకొద్దీ చిక్కు మొదలవుతుంది. 20 హెర్ట్జ్, అంటే సెకనుకు 20 సార్లు ఊగే, తరంగం పొడవు దాదాపు 17 మీటర్లు. అంత నిదానంగా కదిలే గాలికి జానెడు కోను అంచును చుట్టి వెనక్కి పోవడం ఒక లెక్కలోది కాదు. ముందరి ఒత్తిడి వెళ్లి వెనకటి లోటును పూడ్చేస్తుంది, వినేవాడికి ఏమీ మిగలదు.

ఈ దారిని మూసేయడానికి పెట్టే అడ్డుపలకే బాఫిల్. అది ఎంత పెద్దదైతే అంత మంచిది. హద్దే లేనంత పెద్దదైతే వెనకటి తరంగం ఎన్నటికీ ముందుకు రాలేదు. ఇన్‌ఫినిట్ బాఫిల్ అన్న పేరు అలా వచ్చింది. హద్దులేని పలక ఎవరింట్లోనూ ఉండదు. రెండు గదుల మధ్య గోడ మాత్రం అందరిళ్లలోనూ ఉంటుంది. ఆ గోడకు కన్నం పెట్టి స్పీకరు బిగిస్తే ముందరి ధ్వని వినే గదిలోకీ, వెనకటి ధ్వని అవతలి గదిలోకీ పోతాయి. కారు వెనక సీటు పైపలకలో కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు బిగించుకున్నవారు తెలియకుండానే ఇదే పని చేశారు. అక్కడ డిక్కీయే అవతలి గది.

ఈ పద్ధతి మీద జరిగే చర్చంతా ఏ డ్రైవరు (పెట్టె లేని విడి స్పీకరు) కొనాలి అన్నచోటే తిరుగుతూ ఉంటుంది. చూడగా ఇది స్పీకరు పని కన్నా ఎక్కువగా తాపీ పని, వడ్రంగి పని. డ్రైవరు నచ్చకపోతే వచ్చే నెల మార్చుకోవచ్చు. తప్పుచోట పెట్టిన కన్నం ఇల్లున్నంతకాలం ఉంటుంది.

ఆలోచన పాతదే. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించిన కోను స్పీకరు నేటి స్పీకర్లకు మూలపురుషుడు. దానికీ చుట్టూ అడ్డుపలక కావలసి వచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు మంద్రం గట్టిగా కావాలనుకున్నవారు బీరువాలంత పెట్టెలు చేయించుకున్నారు, కొందరు ఏకంగా గోడల్నే వాడుకున్నారు. 1954లో ఎడ్గార్ విల్చర్ ఈ లెక్కను తలకిందులు చేశాడు. వదులుగా వేలాడే కోనును చిన్న మూసిన పెట్టెలో బిగించి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. అతని ఏఆర్-1 స్పీకరు పుస్తకాల అరలో పట్టింది. దాంతో గోడ కన్నాల కాలం దాదాపుగా ముగిసింది.

చిన్న పెట్టె ఊరికే రాలేదు. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ కరెంటుకే ఎక్కువ ధ్వని, ఈ మూడింటిలో రెండే దక్కుతాయి, మూడోదాన్ని వదులుకోవాలి అని స్పీకర్లు కట్టేవారు చెప్పుకునే హాఫ్‌మన్ నియమం ఒకటి ఉంది. బజారులో దొరికే బుడ్డ సబ్‌వూఫర్లలో, అంటే మంద్రం కోసమే చేసిన స్పీకరు పెట్టెల్లో, వెయ్యి వాట్ల యాంప్లిఫయర్ ఎందుకుంటుందో ఈ నియమం చెబుతుంది. చిన్న పెట్టెలోని గాలి స్ప్రింగుతో కుస్తీ పట్టడానికే ఆ కరెంటులో పెద్ద భాగం ఖర్చయిపోతుంది. ఇన్‌ఫినిట్ బాఫిల్ పెట్టె చిన్నదిగా ఉండాలన్న పట్టుదలను వదిలేసి మిగతా రెండూ పుచ్చుకుంటుంది.

ఇక లెక్కలోకి వస్తే, మంద్రమంటే గాలిని జరపడమే. ఎంత గాలిని జరిపితే అంత ధ్వని. అయితే ఒక స్థాయి కిందికి దిగినప్పుడల్లా, అంటే షడ్జం నుంచి కింది షడ్జానికి వచ్చినప్పుడల్లా, అదే బిగువులో వినిపించాలంటే నాలుగింతల గాలిని జరపాలి. 40 హెర్ట్జ్ దగ్గర కోను 4 మిల్లీమీటర్లు ఆడితే సరిపోయే చోట, 20 హెర్ట్జ్ దగ్గర 16 మిల్లీమీటర్లు ఆడాలి. సినిమా మిక్సింగులో మంద్రానికి కేటాయించిన ప్రత్యేక చానల్ శిఖరం 115 డెసిబెల్స్. దాన్ని ఇంట్లో అందుకోవాలంటే ఏం కావాలి? 15 అంగుళాల డ్రైవరు కోను వైశాల్యం సుమారు 800 చదరపు సెంటీమీటర్లు. అది ముందుకు 15, వెనక్కి 15 మిల్లీమీటర్లు ఆడగలదనుకుంటే, గోడలో బిగించిన ఒక్క డ్రైవరు 20 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో 102 డెసిబెల్స్ ఇస్తుంది. రెండు పెడితే 108, నాలుగు పెడితే 114. గది తోడ్పాటును ఇంకా కలపలేదు. ఈ రకం కట్టడాల్లో 15, 18 అంగుళాల డ్రైవర్లు నాలుగేసి కనిపించడానికి కారణం ఈ లెక్కే. ఆర్భాటం పాలు కూడా కొంత ఉందనుకోండి.

అంత అవసరమా అన్న ప్రశ్నకూ జవాబు ఉంది. మనిషి చెవి 20 హెర్ట్జ్‌ను దాదాపు 78 డెసిబెల్స్ దాటాకే గుర్తిస్తుంది. అంతకు తక్కువైతే ఉన్నా లేనట్టే. అంటే ఆ లోతుల్లో పని మొదలయ్యేదే మామూలు స్పీకరు చేతులెత్తేసే చోట. పాటలు మాత్రమే వినేవారికి ఇందులో సగం కూడా అక్కర్లేదు. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, తబలా బాయా అంతకన్నా పైనే తిరుగుతుంది. 20 దరిదాపుల్లో ఉండేవి చర్చిల్లోని పైపు ఆర్గన్లు, సింథసైజర్లు, సినిమాల్లో పేలుళ్లు, ఉరుములు. వాటి కోసం గోడ పగలగొట్టాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిందే.

వెనక ఎంత చోటుండాలి అన్నది తర్వాతి ప్రశ్న. ప్రతి డ్రైవరు వివరాల పత్రంలోనూ వీఏఎస్ అనే అంకె ఉంటుంది. డ్రైవరు సొంత స్ప్రింగుకు సమానమైన బిగువున్న గాలి పరిమాణం అది, లీటర్లలో. 15 అంగుళాల డ్రైవరుకు 300 లీటర్లు అనుకుందాం. నాలుగు డ్రైవర్లకు కలిపి 1200. వెనక గది సరిగ్గా 1200 లీటర్లే ఉంటే డ్రైవరు అనునాదం, అంటే కోను తనంతట తాను ఊగే సహజ వేగం, 20 నుంచి 28 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది, అంటే అది మామూలు మూసిన పెట్టె అయిపోయినట్టే. నాలుగింతలు, అంటే 4800 లీటర్లు ఉంటే 22.4 దగ్గర ఆగుతుంది. పదింతలు ఉంటే 21. ఆ పైన ఎంత పెంచినా ఒరిగేది అంతంతమాత్రం. అందుకే నాలుగింతలు కనీసం, పదింతలైతే నిశ్చింత అన్న కట్టుబాటు ఏర్పడింది.

డ్రైవరు ఎంపికలో జనం ఎక్కువగా తప్పేది క్యూటీఎస్ అనే అంకె దగ్గర. కోను ఆట ఎంత త్వరగా సద్దుమణుగుతుందో చెప్పే అంకె అది. చిన్న పెట్టెల కోసం చేసిన డ్రైవర్లలో పెద్ద అయస్కాంతం ఉండి ఇది 0.35, 0.4 దగ్గర ఉంటుంది. పెట్టెలో గాలి స్ప్రింగు కలిసి దాన్ని 0.7కు చేరుస్తుంది. గోడలో ఆ గాలి స్ప్రింగు లేదు కాబట్టి డ్రైవరుకే మొదటి నుంచీ 0.6, 0.7 ఉండాలి. లేకపోతే మంద్రం ముందే వాలిపోవడం మొదలుపెడుతుంది. ఖరీదైన డ్రైవరు తెచ్చి గోడలో బిగించి, ఇంతేనా అని పెదవి విరిచేవారి కథ చాలావరకు ఇదే. అమెరికాలో అకూస్టిక్ ఎలిగెన్స్, ఫై కార్ ఆడియో వంటి చిన్న సంస్థలు ఈ పని కోసమే వదులు స్ప్రింగు, మధ్యరకం అయస్కాంతంతో డ్రైవర్లు తయారుచేశాయి.

గాలి స్ప్రింగు లేకపోవడంలో ఇంకో సంగతి కూడా ఉంది. పెట్టెలో ఆ గాలి కోనుకు కళ్లెంలా ఉండేది. గోడలో కళ్లెం వేసేవారు లేరు. రెండు మూడు వందల వాట్లకే కోను తన హద్దు చేరుకుంటుంది. వెయ్యి వాట్ల యాంప్లిఫయర్ తగిలించి వాల్యూమ్ నాబ్ తిప్పేస్తే కోనును ఆడించే తీగచుట్ట వెనక పలకకు కొట్టుకుని టకటకమంటుంది. ఒకసారి విన్నవారు ఆ చప్పుడును మరచిపోరు.

ఈ పద్ధతి నేటికీ బతికి ఉన్నది ముఖ్యంగా అమెరికాలో, అదీ అక్కడి ఇళ్ల కట్టుబడి వల్ల. కలప చట్రం మీద జిప్సం బోర్డు కొట్టిన గోడలు, వాలు కప్పు, ఆ కప్పు కింద వాడకంలో లేని అటక. 1500 చదరపు అడుగుల ఇంటి మీద అటక సగటున 4 అడుగుల ఎత్తున ఉన్నా 6000 ఘనపుటడుగులు, అంటే లక్షా 70 వేల లీటర్లు. మన నాలుగు డ్రైవర్లకు కావలసింది పదింతలు లెక్కన 12 వేలు. డల్లాస్ చుట్టుపక్కల మేడ మీద మీడియా గది ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ చోటు నెత్తి మీదే ఉంది. నేలమాళిగలు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో అదే పని కాళ్ల కింద జరుగుతుంది. మనవాళ్ల అటకతో పోలిక పేరు వరకే. మన ఇళ్లలో అటక వంటింటి గుమ్మం మీద రెండడుగుల అర. అక్కడ ఉండేవి పాత గంగాళాలు, పండగల గిన్నెలు, బొమ్మల కొలువు పెట్టె.

అమెరికన్ అటకలో పనిని కాస్త దగ్గరగా చూస్తే ఇబ్బందులు అంగుళాల్లో కనిపిస్తాయి. పైకప్పు దూలాలు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి. దూలం మందం ఒకటిన్నర అంగుళం తీసేస్తే మధ్యలో మిగిలే ఖాళీ పద్నాలుగున్నర. 15 అంగుళాల డ్రైవరు అందులో దూరదు. దూలం కోస్తే దూరుతుంది, కప్పు కుంగుతుంది. ముఖ్యంగా త్రికోణాకారపు ట్రస్సులతో కట్టిన కప్పులో ఒక్క కర్ర కోసినా మొత్తం బరువు లెక్క మారిపోతుంది. అందుకే డ్రైవర్లను కప్పుకు నేరుగా బిగించకుండా, దూలాల పైన ఒక ప్లైవుడ్ పెట్టె కట్టి, దాని రెండు పక్కలకూ రెండేసి డ్రైవర్లను ఎదురెదురుగా బిగిస్తారు. పెట్టె అడుగు తెరిచి ఉంటుంది. ఆ నోరు దూలాల మధ్య నుంచి గదిలోకి దిగుతుంది. ఈ పెట్టెను మ్యానిఫోల్డ్ అంటారు. నోరు పద్నాలుగున్నర అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటే దాని వైశాల్యం సుమారు 2800 చదరపు సెంటీమీటర్లు. నాలుగు కోనుల వైశాల్యం 3200. గాలి ఇరుక్కోకుండా, ఈల వేయకుండా రాకపోకలు సాగించడానికి ఇది హాయిగా సరిపోతుంది. గదిలోంచి చూసేవారికి కనిపించేది ఏసీ జాలీ లాంటి ఒక జాలీ మాత్రమే.

ఎదురెదురుగా బిగించడంలో పెద్ద మేలు ఉంది. కోను కదిలినప్పుడల్లా చట్రాన్ని వెనక్కి తంతుంది. 200 గ్రాముల బరువున్న కోను 20 హెర్ట్జ్ దగ్గర 15 మిల్లీమీటర్లు ఆడుతుంటే ఆ తన్ను దాదాపు 47 న్యూటన్లు, అంటే ఐదు కిలోల బరువంత. నాలుగు డ్రైవర్లూ ఒకే వైపు చూస్తుంటే ఇరవై కిలోల సుత్తి సెకనుకు 20 సార్లు గోడను అటూ ఇటూ ఊపుతున్నట్టే. జిప్సం గోడ ఆ దెబ్బకు తనే ఒక స్పీకరు అయిపోతుంది, అదీ అపస్వరాల స్పీకరు. ఎదురెదురు డ్రైవర్లలో ఒకటి తూర్పుకు తంతే మరొకటి పడమరకు తంతుంది. లెక్క సరిపోతుంది, పెట్టె కదలదు. నడుస్తున్న మ్యానిఫోల్డ్ మీద చెయ్యి వేసి చూస్తే కోనులు అంగుళానికి పైగా ఊగుతున్నా కలప మాత్రం నిమ్మళంగా ఉండాలి. అలా లేకపోతే పలక మందం చాలలేదని, లేదా ఒక డ్రైవరుకు తీగలు తిరగేసి కలిపారని అర్థం. ఈ రెండో తప్పు కొత్తవారిలో బాగా మామూలు. అలా జరిగితే ఆ డ్రైవరు మరొకదాని పనిని చెరిపేస్తుంది, నాలుగు పెట్టినా గదిలో రెండింటి మంద్రమే మిగులుతుంది.

పెట్టెకు సొంత మోత కూడా ఉంటుంది. అర మీటరు లోతున్న మ్యానిఫోల్డ్ సుమారు 170 హెర్ట్జ్ దగ్గర సీసా నోట్లో ఊదినట్టు మోగుతుంది. సబ్‌వూఫర్‌ను 80 దగ్గర కత్తిరిస్తారు, అంటే అంతకు పై స్వరాలను దానికి పంపరు కాబట్టి ఫరవాలేదు. అందం కోసమనో అనుకూలం కోసమనో దాన్ని మీటరు సొరంగంలా లాగితే ఆ మోత 85 దగ్గరికి దిగివస్తుంది. అప్పుడు ప్రతి పాటకూ తోడు పాడుతుంది.

డ్రైవరును నేలకు సమాంతరంగా, కోను కిందికో పైకో చూసేలా బిగించడం గురించి లేనిపోని భయాలున్నాయి. కోను తన బరువుకే కొంత జారుతుంది. ఎంత జారుతుందో తెలుసుకోవడానికి అనునాదం ఒక్కటే చాలు. 20 హెర్ట్జ్ డ్రైవరైతే 0.6 మిల్లీమీటరు, 16 అయితే దాదాపు ఒక మిల్లీమీటరు. 15 మిల్లీమీటర్లు ఆడే కోనుకు 0.6 పెద్ద లెక్కలోది కాదు. మ్యానిఫోల్డ్‌లో డ్రైవర్లు నిలువుగా ఉంటాయి గనుక అక్కడ ఈ ప్రశ్నే రాదు. భయపడవలసింది వేడికి. టెక్సస్ వేసవిలో అటక 50 డిగ్రీలు దాటుతుంది. చౌకరకం జిగురూ నురగ అంచులూ అక్కడ ఎక్కువ కాలం నిలవవు. అంతకన్నా ముఖ్యమైనది కారు షెడ్డు. ఖాళీ చోటు కదా అని షెడ్డుకూ ఇంటికీ మధ్య గోడకు కన్నం పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆ గోడ మంటలను ఆపడానికి కట్టినది. పైగా కారు పొగ కూడా కన్నంలోంచి ఇంట్లోకి వస్తుంది. గ్యాసు హీటరు ఉన్న గదిని వెనక చోటుగా వాడకూడదన్నదీ ఇదే కోవలోది.

ఇదే పని హైదరాబాదులోనో విజయవాడలోనో చేయాలంటే కథ మారుతుంది. కొంత మేలూ ఉంది, కొంత కీడూ ఉంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అడ్డుపలకగా అమెరికన్ జిప్సం గోడ కన్నా ఎన్నో రెట్లు నయం. అది ఊగదు, మోగదు. ఇబ్బందల్లా అటక లేకపోవడం. స్లాబు పైన ఆకాశం, కింద నేల. ఇక మిగిలేవి మెట్ల కింది గది, స్టోర్ రూము, డాబా మీదికి పోయే మెట్ల గది, పక్క పడకగది. మెట్ల కింద మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, సగటున నాలుగడుగుల ఎత్తు ఉందనుకుంటే 120 ఘనపుటడుగులు, దాదాపు 3400 లీటర్లు. రెండు 15 అంగుళాల డ్రైవర్లకు నాలుగింతల లెక్కన కావలసింది 2400. సరిపోతుంది. నాలుగు పెడితే చాలదు. అందులో ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీలు, పాత పరుపులు, బియ్యం బస్తాలు ఎంత చోటు తిన్నాయో తీసివేయడం కూడా లెక్కలో భాగమే. పరుపుల వల్ల మాత్రం నష్టం లేదు, అవి పై స్వరాల మోతను కాస్త పీల్చుకుంటాయి.

ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న ఖాళీ చాలామందికి ఆశ పుట్టిస్తుంది. 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గదిలో అడుగు మేర ఖాళీ ఉంటే 280 ఘనపుటడుగులు, సుమారు 7900 లీటర్లు. కాగితం మీద నాలుగు డ్రైవర్లకు చాలినంత. కానీ అక్కడ గదికీ వెనక చోటుకూ మధ్య అడ్డుగా ఉన్నది సన్నటి జిప్సం పలక ఒక్కటే. గదంత పలకకు ముందూ వెనకా వ్యతిరేక ఒత్తిడి పడితే అది డోలు చర్మంలా ఆడుతుంది. దానికి తోడు లైట్ల కన్నాలు, ఏసీ జాలీలు. వెనకటి తరంగం తిరిగి గదిలోకి రావడానికి అన్నేసి తలుపులు తెరిచి పెట్టినట్టే. ఈ చోటును వదిలేయడమే మంచిది.

పక్క గదిని వాడేటప్పుడు మరచిపోయే సంగతి ఒకటుంది. కోను వెనకటి పాట ముందరి పాటంత బిగ్గరగానే ఉంటుంది. హాల్లో సినిమా ఆడుతుంటే అవతలి గదిలో పడుకున్న అత్తగారికి పేలుళ్లు మాత్రమే, అదీ పూర్తి బిగువులో వినిపిస్తాయి. ఇంకా సూక్ష్మమైనది తలుపుల సంగతి. రెండు గదుల తలుపులూ ఒకే నడవాలోకి తెరుచుకుంటే, రెండూ బార్లా ఉన్నప్పుడు వెనకటి తరంగం నడవా చుట్టి వచ్చి ముందరిదాన్ని తినేస్తుంది. ఒక తలుపైనా మూసి ఉండాలి, మూసిన తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ ఉండాలి. వెనక చోటు బయటి గాలికి తెరుచుకుని ఉన్నా మంద్రానికి నష్టం లేదు, చాలా అమెరికన్ అటకలకు గాలి కిటికీలుంటాయి. వినే గదిలోకి మాత్రం దారి ఉండకూడదు.

కన్నం పెట్టే ముందు గోడ ఎలాంటిదో తెలియాలి. కాలమ్‌లు, బీములతో కట్టిన ఇంట్లో మధ్య గోడలు సాధారణంగా బరువు మోయవు. పాతకాలపు ఇళ్లలో గోడే స్లాబును మోస్తుంది. అక్కడ రెండడుగుల కన్నానికి కూడా పైన లింటెల్ పడాలి. ఇంజినీరు ఒకసారి చూసిపోతే అయ్యే ఖర్చు డ్రైవరు ధరలో చిన్న ముక్క. అపార్టుమెంట్లలో పక్క ఫ్లాటుతో పంచుకున్న గోడ జోలికి పోకూడదని వేరే చెప్పనక్కర్లేదు. కన్నంలో బిగించే చట్రానికి ఎండీఎఫ్ చౌక, నునుపు. కానీ తేమ పీల్చి ఉబ్బుతుంది. కోస్తా గాలికి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది రెండు పొరలుగా అంటించి వాడటం మేలు. వెనక వైపు సన్నటి ఇనుప జాలీ తప్పనిసరి. స్టోర్ రూములో ఎలుకకు రబ్బరు అంచు ఏం రుచో గానీ, ఒకసారి కొరికిన కోను మళ్లీ సూటిగా ఆడదు.

అన్నీ సరిగా బిగించాక చివరి మాట గదిదే. 20 అడుగుల గది పొడవులో 28 హెర్ట్జ్ దగ్గర ఒక నిలువ తరంగం (గోడల మధ్య ముందుకూ వెనక్కూ తిరిగి ఒకేచోట నిలిచిపోయే మోత) ఏర్పడుతుంది. 14 అడుగుల వెడల్పులో 40 దగ్గర, పదడుగుల ఎత్తులో 56 దగ్గర. గది మధ్యలో కూర్చుంటే 28 దగ్గర బోలు, గోడకు ఆనుకుంటే హోరు. ఇన్‌ఫినిట్ బాఫిల్ దీన్ని ఏమీ చేయలేదు, ఏ సబ్‌వూఫరైనా అంతే. జిప్సం గోడలు ఊగుతూ మంద్రాన్ని కొంత మింగేస్తాయి కాబట్టి అమెరికన్ గదుల్లో ఈ హోరు కొంత మెత్తగా ఉంటుంది. మన ఇటుక, కాంక్రీటు గదుల్లో నిలువ తరంగం ఒకసారి లేస్తే చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. దానికి బదులుగా దక్కేది 28 కన్నా కింద. అక్కడ గది ఊదిన బుడగలా మొత్తంగా ఒత్తిడికి లోనవుతుంది. గట్టి గోడలు ఆ ఒత్తిడిని బయటికి పోనివ్వవు. మూసిన పెట్టెలోనూ గోడలోనూ బిగించిన స్పీకరు ధ్వని అనునాదం కింద స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. గట్టి గది ఆదర్శస్థితిలో అంతే చొప్పున పెంచుతుంది. పడేదీ పెరిగేదీ దాదాపు చెల్లుకు చెల్లు అయిన గదిలో 15 హెర్ట్జ్ కూడా సాఫీగా వస్తుంది. తలుపు ఓరగా తెరిచారంటే ఆ లాభం అక్కడితో సరి.

కొలవకుండా దీన్ని సరిదిద్దడం చీకట్లో సూది వెతకడమే. యూమిక్-1 లాంటి కొలత మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్, సర్దుబాటుకు మినీడీఎస్‌పీ లాంటి చిన్న పరికరం ఉంటే సరిపోతుంది. హోరున్న చోట తగ్గించాలి. బోలున్న చోట పెంచబోతే కోను ఊరికే ఆయాసపడుతుంది, అక్కడ గది ఎంత పోసినా తాగేస్తుంది.

సర్దుబాటు అయ్యాక కొన్ని రోజులు వేటతో గడుస్తాయి. 15 నుంచి 80 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కే స్వరాన్ని ఆడిస్తూ ఇల్లంతా తిరగాలి. 23 దగ్గర బీరువా తలుపు, 31 దగ్గర కిటికీ దోమతెర చట్రం, 37 దగ్గర అటక మీద ఇత్తడి బిందెలో పెట్టిన మరో బిందె, 52 దగ్గర ఫ్యాను కప్పు. ఒక్కో ఇంటికి ఒక్కో జాబితా. ఖరీదైన డ్రైవరు వక్రీకరణ అర శాతమా ఒక శాతమా అని వాదించుకునేవారు స్టీలు డబ్బా మూత చేసే గణగణను లెక్కలోకి తీసుకోరు. చెవికి ముందు తగిలేది అదే.

పక్కింటివారి సంగతి చట్టంతో తేలేది కాదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ కొలత చెవి స్వభావాన్ని బట్టి మంద్రాన్ని తగ్గించి చూసే ‘ఏ’ (A) అనే కొలమానంలో జరుగుతుంది. 20 హెర్ట్జ్ దగ్గర అది 50 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంటే 100 డెసిబెల్స్ మంద్రం మీటరు మీద 50గా కనిపిస్తుంది, పగటి పరిమితికి లోబడే ఉంటుంది. పక్కింటి కిటికీ అద్దం మాత్రం ఈ సవరణలేవీ ఎరుగదు.

ఇన్ని చిక్కులున్న పనిని కన్నం పెట్టకుండానే రుచి చూసే దారి ఒకటుంది. రెండు గదుల మధ్య తలుపు ఉంటే దాన్ని కీళ్ల నుంచి తీసేయాలి. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు గుమ్మాన్ని మూయడానికి ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి చాలు. తన్నుకు వంగకుండా రెండో పొర, వెనక అడ్డంగా రెండు కర్రలు వేసి, మధ్యలో రెండు డ్రైవర్లు బిగించి, అంచుల చుట్టూ నురగ పట్టీ అంటించి ద్వారబంధానికి మరలతో బిగిస్తే అదే ఇన్‌ఫినిట్ బాఫిల్. వారం రోజులు విని, కొలిచి, ఇంట్లోవారి మాట కూడా విన్నాక మేస్త్రీకి కబురు పెట్టవచ్చు. అక్కర్లేదనిపిస్తే మరలు విప్పి తలుపును మళ్లీ కీళ్లకు తగిలించడానికి పది నిమిషాలు పడుతుంది.